ఏడు నుంచి ఏడున్నర దాకా
(తొమ్మిదో భాగం)

కిందటి వారం మనం పుస్తకాలు కుట్టే బైండరును అతని పనిబల్ల దగ్గర, చెవికి ఆనించిన ఫోనుతో వదిలి వచ్చాం. ఆసుపత్రి నుంచి సిస్టరు చేసిన ఫోను అది. "రేపు పొద్దున పదింటికల్లా పాపను తీసుకుని రండి" అని ఒక్క మాట చెప్పి ఆమె పెట్టేసింది. కారణం చెప్పలేదు. బైండరు అడగనూ లేదు. కారణం తెలిసినవాడు అడగడు.

ఈ ఇంటి సంగతి కొత్తగా వింటున్నవారికి నాలుగు మాటలు చెప్పాలి. బైండరు కూతురికి ఎనిమిదో ఏట రెండు కిడ్నీలూ చెడిపోతే తల్లి తనది ఒకటి ఇచ్చింది. తండ్రి రక్తం కలవలేదు. లోపలికి వచ్చిన కిడ్నీని ఒళ్లు పరాయిదని తోసేయకుండా ఉండాలంటే పిల్ల బతికినన్నాళ్లూ రెండు పూటలా, ఏడింటికి ఏడింటికి, మాత్రలు వేసుకోవాలి. పొద్దుటివి తల్లి చూసుకుంది. సాయంత్రానివి ఎనిమిదేళ్లపాటు తండ్రి అరచేతిలోంచి పిల్ల నోట్లోకి వెళ్లాయి. పదహారు నిండాక ఆసుపత్రివాళ్లు పిల్ల చేతికి ఒక ఫోను ఇచ్చి, "ఇకనుంచి తన మందులు తనే వేసుకోవడం నేర్చుకోవాలి, పెద్దవాళ్లు కలగజేసుకోవద్దు" అన్నారు. ఇద్దరిద్దరు పిల్లల్ని ఒక జతగా కలిపారు. ఒకరి పేరు ఒకరికి తెలియదు, పెట్టుడు పేర్లే. సాయంత్రం ఏడింటికి ఆ ఫోనులో ఒక కిటికీ తెరుచుకుంటుంది. ఏడున్నరకు మూసుకుంటుంది. ఆ అరగంటలో మాత్రలు మింగి, డబ్బాలో ఖాళీ అయిన గడిని ఫోటో తీసి జత పిల్లకు పంపాలి. కబుర్లు చెప్పుకోవచ్చు. కిటికీ మూసుకోగానే మాటలన్నీ ఫోనులోంచి చెరిగిపోతాయి, మళ్లీ మర్నాడే. బైండరు కూతురు అక్కడ నత్త. అవతలి పిల్ల పిచ్చుక.

నాలుగు నెలలు ఆ అరగంట తలుపు వేసిన గదిలోంచి నవ్వులుగా వినబడింది. ఆ తరువాత బైండరు, పరీక్షలు దగ్గర పడుతున్నాయన్న నెపంతో, సాయంత్రాలు ఫోనును తన బల్ల సొరుగులో పెట్టించాడు. మాత్రలు మునుపటిలా తానే ఇచ్చాడు. ఫోటో తానే తీసి పంపాడు. పిచ్చుక రాసిన వాటికి జవాబు ఇవ్వలేదు. "ఏమైనా రాసిందా నాన్నా?" అని కూతురు అడిగిన ప్రతిసారీ, "ఏమీ రాలేదు తల్లీ" అన్నాడు. అలా పదకొండు సాయంత్రాలు.

ఇక ఈ ఉదయం.

పిల్లల కిడ్నీ విభాగం మూడో అంతస్తులో ఉంది. నడవా పొడుగునా ఒకదానికొకటి బిగించిన కుర్చీలు. ఒకరు కదిలితే ఆ వరుసలో అందరూ కదలాలి. బైండరు మోకాలు అదురుతూ ఉంటే చివరి కుర్చీలో కునుకుతున్న ముసలాయన రెండుసార్లు కళ్లు తెరిచి చూశాడు.

"నాన్నా, రక్తపరీక్ష నాకా నీకా?" అంది కూతురు. "నీ వాలకం చూస్తే సూది నీకే వేసేట్టున్నారు."

"ఏమీ లేదులే."

"ఆ ఊపుడు ఆపు మరి. పాపం ఆ తాతగారికి కల చెదిరిపోతోంది."

అతడు మోకాలి మీద చెయ్యి వేసుకున్నాడు. కూతురు గోళ్ల వైపు చూసుకుంటూ అంది.

"సిస్టర్ ఎందుకు పిలిచిందో నాకు తెలుసు."

బైండరు చొక్కా గుండీ సరిచేసుకున్నాడు.

"పిచ్చుక వేరే జత కావాలని అడిగి ఉంటుంది. నాకు ఇంకెవరినో అంటగడతారు. ఏ బల్లినో, తేలునో." నవ్వబోయింది. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

తప్పించుకున్నానన్న ఊరట ముందు కలిగింది అతడికి. దాని వెనకే మరొకటి వచ్చింది, అతడు సిగ్గుపడవలసినది. పిల్ల చేతివేళ్ల గోళ్లు పదీ మొదలంటా కొరికి ఉన్నాయి. నాలుగు నెలల క్రితం సాయంత్రపు మాత్రలు తన చేతిలోంచి తప్పిపోయిన రోజున ఈ పిల్ల ఒక్క గోరైనా కొరుక్కుందా? లేదు. "హమ్మయ్య, నీకూ కాస్త తీరిక దొరుకుతుంది నాన్నా" అంది. ఎన్నడూ ముఖం చూడని ఒక పిచ్చుక కోసం మాత్రం పది వేళ్లూ పాడుచేసుకుంది.

అసూయలో ఉన్న వింత ఇది. పట్టుబడబోయే క్షణంలో కూడా అది తన లెక్క తాను చూసుకోవడం మానదు.

సిస్టరు గదిలో బరువు చూసే యంత్రం, ఒక బల్ల, గోడ మీద పొడవు కొలిచే గీతలు. ఎనిమిదో ఏట ఆ గీతల్లో అట్టడుగున నిలబడిన పిల్ల ఇప్పుడు సిస్టరు కంటే రెండు వేళ్లు ఎత్తు.

"కూర్చోండి నాన్నగారూ. నువ్వూ కూర్చో పాపా. ముందు మంచి మాట చెప్తాను. కిందటి వారం తీసిన నీ రక్తంలో మందు ఎంత ఉండాలో అంతే ఉంది. ఒక్క పూట కూడా తప్పలేదు."

"సాయంత్రం పూట నాన్నే వేస్తున్నాడు సిస్టర్, పరీక్షలని." పిల్ల మామూలుగానే అంది.

సిస్టరు ఒక్క క్షణం బైండరు వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. తలుపు తెరిచి పట్టుకున్న మనిషి చూసే చూపు అది. వస్తారా లోపలికి, మీ అంతట మీరే? బైండరు బరువు యంత్రం వైపు చూశాడు.

"సరే. రెండో మాట. నియమం ప్రకారం ఇది మీకు చెప్పకూడదు. ఆ అమ్మాయి వాళ్లమ్మ ఒప్పుకుంది కాబట్టి చెప్తున్నాను. పిచ్చుక నిన్న మా వార్డులో చేరింది."

పిల్ల లేచి నిలబడింది. "ఇక్కడా? ఈ ఆసుపత్రిలోనా?"

"ఈ అంతస్తులోనే. కూర్చో. ఐదు రోజులుగా ఏ పూటా మాత్రలు వేసుకోలేదు. మాకు మూడో రోజున తెలిసింది. ఇంటికి ఫోన్ చేస్తే 'వేసుకుంటోందండీ' అన్నారు. తీరా డబ్బా తెరిచి చూస్తే నిండుగా ఉందట. ఒళ్లు కిడ్నీని తోసేయడం మొదలుపెట్టింది. ఇంకా ఆపొచ్చు. కానీ మాత్రలు నోట్లో పెట్టుకోనంటోంది."

"సూది లేదా?" అన్నాడు బైండరు. లోపలికి వచ్చాక అతని మొదటి మాట అదే.

"కొన్ని సూదితో ఇస్తున్నాం. ఎన్నాళ్లు ఇస్తాం చెప్పండి? రేపు ఇంటికి వెళ్లాక? ఆ తరవాత ముప్పై ఏళ్లు?" సిస్టరు పిల్ల వైపు తిరిగింది. "నువ్వు తనతో పదకొండు రోజులు ఒక్క మాటా మాట్లాడలేదు. ఎందుకమ్మా?"

"నేనా?" పిల్ల గొంతు లేచింది. "తనే మాట్లాడలేదు సిస్టర్! రోజూ అడిగాను. కావాలంటే నాన్నని అడగండి. నాన్నా, చెప్పు!"

ఇక్కడ మనం ఒక్క నిమిషం ఆగుదాం. బైండరు చెడ్డవాడు కాడు. చెడ్డవాడైతే ఈ కథ తేలికగా ముగిసేది. ఆ నిమిషంలో అతడు నిజం చెప్పడానికే నోరు తెరిచాడు. కానీ కూతురు తన వైపు తిరిగి, తననే సాక్షిగా పిలిచి, ఎనిమిదేళ్ల పిల్లలా నమ్మకంగా చూసింది. ఆ చూపు కోసమే కదా అతడు ఇంతా చేసింది! దాన్ని ఇంకొక్క నిమిషం ఉంచుకుందామనుకున్నాడు. "అవును, అడిగింది" అన్నాడు. అది అబద్ధం కాదు. అందుకే మరీ అన్యాయం.

సిస్టరు నిట్టూర్చి సొరుగులోంచి రెండు కాగితాలు తీసింది.

"మీ ఫోనులో మాటలు చెరిగిపోతాయి కానీ, ఒక ప్రతి మా దగ్గర ఉంటుంది. ఫోటో వస్తే మా తెర మీద పచ్చగుర్తు పడిపోతుంది. పచ్చగా ఉంటే మేం మాటలు చదవం. ఆ తప్పు మాది. నిన్న రాత్రి కూర్చుని చదివాను. పిచ్చుక రాసినవి ఇవి. నీకే రాసింది. నువ్వే చదువు, పైకి."

పైకి ఎందుకో బైండరుకు అర్థమైంది. ఒక్కొక్క వాక్యానికీ ఒక్కొక్క అవకాశం ఇస్తోంది ఆవిడ.

పిల్ల కాగితం అందుకుంది.

"మొదటి రోజు. 'ఓయ్ నత్తా! ఫోటో పడేసి పారిపోయావేంటి? ఇవాళ గుండు మాస్టార్ని తిట్టే వంతు నీది. రేపటికి రెండు తిట్లు బాకీ.'"

"గుండు మాస్టారు ఎవరు?" అన్నాడు బైండరు, అప్రయత్నంగా.

"పెద్ద తెల్ల మాత్ర. రోజూ దానికో కొత్త తిట్టు పెట్టాలి మేము. పెట్టాకే మింగాలి." పిల్ల తలెత్తకుండానే చెప్పింది.

ఎనిమిదేళ్లలో ఆ తెల్ల మాత్రను ఐదు వేలకు పైగా సార్లు పిల్ల మింగింది. అందులో సగం అతని చేతిలోంచే. దాని బరువు అతని అరచేతికి తెలుసు. దానికి ఒక పేరుందని, అది మాస్టారని, దాన్ని తిట్టవచ్చని తెలియదు. తాను భయంతో, భక్తితో అందించినదాన్ని ఈ ఇద్దరు పిల్లలు ఆటపట్టించారు. ఆటపట్టించి, హాయిగా మింగారు.

"రెండో రోజు. 'పరీక్షలా? పరీక్షలు ఉన్నవాళ్లకి వేళ్లు పడిపోతాయా? ఒక్క ముక్క రాయొచ్చు కదా తల్లీ.' మూడో రోజు. 'కోపమా? నీ లెక్కల మార్కులు విని నవ్వినందుకా? సారీ. ఇప్పటిదాకా చెప్పలేదు, నావి నీకంటే తొమ్మిది తక్కువ.'"

పిల్ల ముక్కు ఎగబీల్చింది. నవ్వో ఏడుపో తెలియని చప్పుడు.

"నాలుగో రోజు. 'ఫోన్ చేశాను. కట్ చేశావు. మళ్లీ చేశాను. మళ్లీ కట్ చేశావు. సరే.'" ఆగింది. "నేను కట్ చేయలేదు సిస్టర్."

"చదువమ్మా."

"ఐదో రోజు. 'మీ నాన్నని మీ ఇంటి గడియారం అన్నందుకా? సరదాకి అన్నాను నత్తా. నిజం చెప్పనా? కుళ్లుతో అన్నాను. నేను ఏ రంగు మాత్ర వేసుకుంటానో మా నాన్నకి తెలీదు. నీ మాత్రలన్నీ మీ నాన్నకి కళ్లు మూసుకున్నా తెలుసన్నావు. ఆ రోజు నాకు అన్నం సయించలేదు. నాకే అలాంటి నాన్న ఉంటే నాకు ఈ ఫోనెందుకు, నువ్వెందుకు? చెప్పేశాను. ఇప్పుడు కోపం పోయిందా?'"

నడవాలో ఎవరిదో చెప్పుల చప్పుడు వచ్చి, దాటిపోయింది.

ఈ మాటలు బైండరు మొదటిసారి వినడం లేదు. చదవలేదు అనుకోవడం సులువు. చదివాడు. ప్రతి రోజూ చదివాడు. ఆ ఐదో రోజున సొరుగు మూసి, కుట్టుతున్న పుస్తకాన్ని ఒళ్లోకి తీసుకుని, చాలా రోజుల తరువాత కూనిరాగం తీశాడు. ఎవరో ఒక పిల్ల తన కూతుర్ని చూసి అసూయపడుతోంది, తనలాంటి తండ్రి ఉన్నందుకు! ఆ పిల్లను చూసి తాను పడిన అసూయకు ఇంతకంటే తీయని వడ్డీ ఏముంటుంది? జవాబు రాద్దామని ఒక్కసారి వేలు కదిపాడు కూడా. కానీ జవాబు రాస్తే ఆ పిల్ల మళ్లీ నవ్వుతుంది. ఆమె నవ్వితే తన పిల్ల నవ్వుతుంది, తలుపు వేసిన గదిలో. రాయలేదు.

"ఆరో రోజు." పిల్ల గొంతు తగ్గింది. "'నత్తా, ఇవాళ నీ ఫోటో పెద్దది చేసి చూశాను. డబ్బా అంచున ఒక వేలు పడింది. బొటనవేలు. గోరు చుట్టూ ఎండిపోయిన జిగురు.'"

అక్కడ ఆగిపోయింది. తరువాతి వాక్యం ఆమె పైకి చదవలేదు. కళ్లతో చదివింది. చదివి, కాగితం మీంచి చూపు మెల్లగా పక్క కుర్చీ వైపు తిప్పింది. బైండరు చేతులు అతని ఒళ్లో ఉన్నాయి. దాచుకోవచ్చు. దాచుకోలేదు. ఇరవై ఏళ్లుగా పుస్తకాలకు జిగురు రాసిన బొటనవేలు అది. ఎంత కడిగినా గోరు అంచున తెల్లని గీత మిగిలే ఉంటుంది.

"'ఇది నీ వేలు కాదు,'" అని మిగిలిన వాక్యాన్ని సిస్టరే పూర్తి చేసింది, కాగితం చూడకుండా.

"తల్లీ," అన్నాడు బైండరు.

"ఉండు నాన్నా. ఇంకోటుంది." ఆమె గొంతు ఇప్పుడు చాలా మామూలుగా ఉంది. అలాంటి మామూలుతనం అతడు ఆమెలో ఎప్పుడూ వినలేదు. "ఏడో రోజు. 'ఎవరండీ మీరు? నత్త నాన్నగారా? తనకేమైనా అయిందా? మేము భయపడతామని చెప్పడం లేదా? పోయినేడు మా వార్డులో ఒకమ్మాయి పోతే, ఊరికి వెళ్లిందని మాకు నెల రోజులు చెప్పారు. నాకు అవన్నీ తెలుసండీ. నత్త ఒక్క పూట తప్పలేదు. తనకే ఇలా అయితే ఇంక నాకెందుకు?'"

కింద ఒక ఫోటో అచ్చయి ఉంది. పిచ్చుక పంపిన ఆఖరి ఫోటో. అందులో గడి ఖాళీగా లేదు. మూడు మాత్రలూ ఉన్నాయి, మధ్యలో గుండు మాస్టారు.

పిల్ల కాగితాన్ని రెండు మడతలు వేసింది. ఇంకో మడత వేసింది.

"నేను చచ్చిపోయాననుకుంది."

ఆ మడతల మీద వేలితో గట్టిగా రుద్దింది.

"ఏమీ రాలేదన్నావు కదా నాన్నా."

"అన్నాను."

"పదకొండు సార్లు అడిగాను."

"అడిగావు."

"ఇది నువ్వు చదివావా? ఈ ఏడో రోజుది?"

అబద్ధానికి ఇంకా చోటుంది. ఆ రోజు పని ఎక్కువై చూడలేదమ్మా అనవచ్చు. సిస్టరు కూడా కాదనలేదు. బైండరు ఆ చోటును చూశాడు. అందులో ఒక మనిషి తల వంచుకుని జీవితాంతం కూర్చోవచ్చు.

"చదివాను. ఆ పిల్లకీ అమ్మా నాన్నా ఉంటారు కదా, వాళ్లు చూసుకుంటారులే అనుకున్నాను."

"ఎందుకు?"

ఆ ప్రశ్నకు అతడి దగ్గర పదకొండు రోజులుగా జవాబు ఉంది. ప్రేమ. కానీ ఇప్పుడు ఆ మాటను నాలుక మీదికి తెచ్చుకుని చూస్తే, ఎవరిదో వస్తువు తన సంచిలో దొరికినట్టుంది. బదులుగా వేరేది చెప్పాడు.

"మీ అమ్మ నీకు కిడ్నీ ఇచ్చింది. నా రక్తం పనికిరాలేదు. ఆవిడ నీ లోపలే ఉంది. నువ్వు మంచినీళ్లు తాగినా ఆవిడకు తెలుస్తుంది అనిపించేది. నాకంటూ ఉన్నది సాయంత్రం ఏడు గంటలు ఒక్కటే. అది కూడా ఎవరో పిట్ట పేరు పెట్టుకున్న పిల్ల పట్టుకుపోయింది. ఓర్చుకోలేకపోయాను. అంతేనమ్మా. ఇంకో కారణం వెతికాను కానీ దొరకలేదు."

పిల్ల కళ్లలో నీళ్లు లేవు. ఉంటే బాగుండునని అతడికి అనిపించింది.

"ఈ పదకొండు రోజులూ నేను నీ బల్ల పక్కన వచ్చి కూర్చున్నాను. దారం ఎక్కించి ఇచ్చాను. నీతో కబుర్లు చెప్పాను. గుర్తుందా?"

"గుర్తుంది." ఎలా మరుస్తాడు? ఎనిమిదేళ్లలో అంత మంచి సాయంత్రాలు లేవు.

"నీకు చాలా సంతోషంగా ఉండింది కదా?"

అతడు తల ఊపాడు.

"పిచ్చుక నన్ను వదిలేసిందనుకుని వచ్చాను నాన్నా. గదిలో ఒక్కదాన్నీ ఉండలేక వచ్చాను. అందుకే, ఇంకెందుకూ కాదు."

ఒక మనిషి దగ్గరనుంచి తీసుకోగలిగినవి చాలా ఉంటాయి. జరిగిపోయిన సంతోషాన్ని కూడా వెనక్కి తీసుకోవచ్చని బైండరుకు అంతవరకు తెలియదు.

సిస్టరు కుర్చీ జరిపి లేచింది. "నేను వెళ్లి, నువ్వు వచ్చావని తనకు చెప్తాను. పెద్దడాక్టరు గారు ఐదు నిమిషాలు ఒప్పుకున్నారు. పొద్దున ఏడింటి మాత్రలు ఇంకా తన చేతిలోనే ఉన్నాయి, పదకొండున్నర దాటితే అవి ఇవ్వకూడదు. ఈ పూట మింగితే ఒక దారి పడుతుంది. మీరిద్దరూ నడవాలో ఉండండి."

నడవాలో ఈసారి ఇద్దరి మధ్యా ఒక కుర్చీ ఖాళీగా ఉంది. పిల్లే వదిలింది. అతడు చెయ్యి చాపితే అందేంత దూరం. చాపలేదు. ఆమె బ్యాగులోంచి దువ్వెన తీసి జుట్టు సరిచేసుకుంది. దుపట్టా సవరించుకుంది. మొదటిసారి చూడబోతోంది కదా తన పిచ్చుకను. అంత కోపంలోనూ ఆ ముస్తాబు చూసి అతడిలో ఆ అసూయ మళ్లీ తలెత్తింది. ఛీ అనుకున్నాడు. అనుకున్నంత మాత్రాన అది పోలేదు. ఒళ్లు పరాయి కిడ్నీని ఎందుకు తోసేస్తుందని ఒకప్పుడు డాక్టరును అడిగాడు. "బతికించడానికి వచ్చిందని దానికి తెలీదండీ, బయటిది వచ్చిందని మాత్రమే తెలుస్తుంది" అన్నాడాయన. రోజూ రెండు పూటలా అణచిపెట్టవలసిందే తప్ప, దానికి తెలియజెప్పే మందు లేదట. తనకు అలాంటి మాత్ర ఎవరిస్తారు?

పది నిమిషాలకు సిస్టరు తిరిగి వచ్చింది. పిల్ల అప్పటికే లేచి నిలబడింది.

"నమ్మడం లేదు," అంది సిస్టరు. "'ఎవరినో ఒకమ్మాయిని తెచ్చి నత్త అంటారు, నేను ముఖం ఎప్పుడు చూశాను గనక' అంటోంది. 'ఫోనులో గొంతు వింటావా' అంటే, 'గొంతులూ మారుస్తారు' అంది. గట్టి పిల్ల."

"నేను గుండు మాస్టారు సంగతి చెప్తాను. అది మా ఇద్దరికే తెలుసు."

"ఇప్పుడు ఈ కాగితం చదివిన అందరికీ తెలుసమ్మా. ఆ సంగతి తనకీ తెలుసు." సిస్టరు బైండరు వైపు తిరిగింది. "మిమ్మల్ని రమ్మంటోంది."

"నన్నా?"

"మిమ్మల్నే. ఒక్కరినే. 'ఆ బొటనవేలాయన వస్తే అడుగుతాను. ఆ వేలు అబద్ధమైతే తెలిసిపోతుంది' అంది. నాకిష్టమై పంపడం లేదు. వేరే దారి లేక పంపుతున్నాను."

బైండరు కూతురి వైపు చూశాడు. ఆ ముఖం ఎర్రబడింది. పెదవి బిగుసుకుంది. ఒక్క క్షణం అది కోపమే అనుకున్నాడు. కాదు. అద్దంలో తన ముఖం అతడికి బాగా తెలుసు, గత నాలుగు నెలల ముఖం.

"నాకంటే ముందు నువ్వు చూస్తావా తనని?" అంది పిల్ల.

"వద్దంటే వెళ్లను."

"వెళ్లకపోతే తను మింగదు. వెళ్లు." రెండడుగులు వేసి అతని ముందుకు వచ్చింది. గొంతు బాగా తగ్గించింది, సిస్టరుకు వినబడకుండా. "కానీ నేను బతికున్నానని నువ్వు చెప్పొద్దు. ఆ ఒక్క మాటా నాది. నా మాటలన్నీ పదకొండు రోజులు నీ సొరుగులో పెట్టుకున్నావు. అదొక్కటీ నా నోటితో నేను చెప్పుకుంటాను. తనని ఎలాగైనా ఒప్పించి, నన్ను పిలిపించు. మాటివ్వు."

"అది చెప్పకుండా ఎలా ఒప్పించనమ్మా?"

"నాకు తెలీదు. మాటివ్వు."

ఇవ్వకూడదని అతడికి తెలుసు. ఎవరి ప్రాణమో ఇంకా ఊగిసలాడుతూ ఉండగా, పిల్ల పంతానికి తలొగ్గకూడదు. కానీ ఆ పంతం ఎక్కడినుంచి ఎవరికి వచ్చిందో కూడా తెలుసు. ఇచ్చాడు.

నడవా చివర కుడివైపు గది. సిస్టరు తలుపు తోసి పక్కకు తప్పుకుంది.

అతడు ఊహించుకున్న పిచ్చుక పొడుగ్గా, పొగరుగా ఉండేది. మంచం మీద ఉన్నది చాలా చిన్న పిల్ల. మందుల వల్ల ముఖం ఉబ్బి, కళ్లు లోపలికి పోయి ఉన్నాయి. ఒక చేతికి సూది. రెండో చేయి పిడికిలి బిగించి ఉంది. పక్కన కూర్చున్న తల్లి ఏదో అనబోతే, పిల్ల తల అడ్డంగా ఊపి ఆమెను ఆపింది.

"దగ్గరికి రండి. చెయ్యి చూపించండి."

అతడు చూపించాడు. పిచ్చుక ముందుకు వంగి, ఆ బొటనవేలి గోరును, దాని అంచున ఉన్న తెల్లని గీతను చాలాసేపు చూసింది. తరువాత పిడికిలి విప్పింది. అరచేతిలో మూడు మాత్రలు, చెమటకు కాస్త తడిసి.

"మీరేనండీ," అంది. "అందరూ నత్త బతికే ఉందంటున్నారు. అందరూ బయటే ఉందంటున్నారు. మీరు ఏడు గంటలకి ఒక్కరోజూ తప్పని మనిషి అని నత్త చెప్పింది. మీరు నాకు అబద్ధం చెప్పరు."

తలుపు అవతల ఎవరో వచ్చి నిలబడ్డారు. ఎవరో అతడికి తెలుసు.

"చెప్పండి," అంది పిచ్చుక. "నత్త ఎప్పుడు పోయింది?"